అమ్మను, బాపును అమెరికాకు పిలిపించుకోవాలంటే: హన్మకొండ నుంచి విజిటర్ వీసా దరఖాస్తు

నేను డల్లాస్‌లో ఉంటాను, అమ్మా బాపూ హన్మకొండలో. వాళ్లకు విజిటర్ వీసా రెండుసార్లు పెట్టాం. మొదటిసారి రిజెక్ట్ అయింది, రెండోసారి వచ్చింది. అప్పటి నుంచి "ఎట్ల పెట్టినవన్నా, మావోళ్లకు కూడా పెట్టాలె" అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు, చెప్పిందే చెప్పలేక ఇక్కడ ఒక్కసారే రాసి పెడుతున్నా. మొదట ఒక మాట గుర్తుంచుకోండి. డబ్బు మీరే కట్టినా, ఫారం మీరే నింపినా, ఈ దరఖాస్తు మీది కాదు, వాళ్లది. కౌంటర్ ముందు నిలబడేది వాళ్లు. మొదటిసారి మేం దెబ్బతిన్నది ఇక్కడే.

ముందు పాస్‌పోర్టు సంగతి

పాస్‌పోర్టు లేకపోతే హైదరాబాద్ దాకా పోవాల్సిన పనిలేదు. వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, అక్కడ స్లాట్ దొరక్కపోతే కరీంనగర్ కేంద్రంలో చూసుకోవచ్చు. మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు, కొత్తగా తీసుకునేవాళ్లు 60 ఏళ్లు దాటినవాళ్లయితే అందులో 10 శాతం తగ్గుతుంది. వాళ్లు ఉంటున్న ఇంటి అడ్రసే రాయండి, ఎందుకంటే పోలీస్ వెరిఫికేషన్‌కు ఆ అడ్రసుకే వస్తారు. ఆధార్‌లో ఊరి అడ్రసు, ఉండేది కొడుకు కట్టిన హన్మకొండ ఇంట్లో అయితే ముందు ఆధార్ మార్పించుకోవడం నయం.

అసలు చిక్కు పేరు దగ్గర. మన పెద్దవాళ్ల కాగితాల్లో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగానే ఉంటుంది, ఆధార్‌లో ఒక స్పెల్లింగు, బ్యాంకు పాసుబుక్కులో ఇంకొకటి, అమ్మకైతే ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఇంకోచోట అత్తగారింటిది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడమరిచి, దానికున్న గడిలోనే రాయించండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని మూడక్షరాలు పడతాయి, పేరు తెలియదు అని దానర్థం. అలాగని వీసా రాదని కాదు, వస్తుంది, కానీ తర్వాత టికెట్ బుక్ చేసేటప్పుడు తలనొప్పి. పుట్టినరోజు కూడా చూసుకోండి. బడికి పోని పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది. అది నిజం పుట్టినరోజు కాకపోయినా అన్ని కాగితాల్లో అదే ఉంటే గొడవ లేదు, ఒక్కోదాంట్లో ఒక్కోటి ఉంటేనే గొడవ.

డీఎస్-160 అనే ఫారం

తీరిక చేసుకుని కూర్చోవాల్సింది దీనికే. ఇదే అమెరికా వీసాకు పెట్టే దరఖాస్తు, ఆన్‌లైన్ ఫారం, ఒక్కొక్కరికి విడిగా నింపాలి. తెరవగానే ఒక అప్లికేషన్ ఐడీ వస్తుంది, దాన్ని రాసి పెట్టుకోండి, ఎందుకంటే కాసేపు ముట్టుకోకపోతే పేజీ మూసుకుపోతుంది, ఐడీ లేకపోతే మళ్లీ మొదటి నుంచి.

మొదటిసారి మేం హన్మకొండలో ఒక కన్సల్టెన్సీకి ఇచ్చాం. వాళ్లు బాపు ఆధార్, పాస్‌పోర్టు తీసుకుని గంటలో నింపేశారు, వృత్తి దగ్గర "రైతు" అని కొట్టారు. మాకు భూమి ఉంది, అది అబద్ధం కాదు, కానీ బాపు 34 ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పి హెడ్‌మాస్టర్‌గా రిటైరైన మనిషి. ఇంటర్వ్యూలో ఏం చేస్తారని అడిగితే సహజంగానే రిటైర్డ్ టీచర్‌నని చెప్పాడు. ఇంటర్వ్యూ చేసే ఆఫీసరమ్మ స్క్రీన్ చూసింది, బాపును చూసింది, ఇంకో రెండు ప్రశ్నలు వేసి 214(బీ) అని రాసున్న రిజెక్షన్ కాగితం చేతిలో పెట్టింది. దానివల్లే పోయిందని నేను ఒట్టేసి చెప్పలేను, కారణం వాళ్లు విడమరిచి చెప్పరు. కానీ ఇంటికొచ్చి ఆ ఫారం ప్రింటు చూసినప్పుడు బాపు "ఇందులో ఉన్నది నేను కాదు కదరా" అన్నాడు. ఆ మాట నాకింకా చెవుల్లో ఉంది.

రెండోసారి వీడియో కాల్‌లో స్క్రీన్ చూపిస్తూ నేనే నింపాను, రెండు రాత్రులు పట్టింది. ప్రతి ప్రశ్నా తెలుగులో చదివి, వాళ్లు చెప్పిందే రాశాను. ఇలా ఎవరైనా సాయం చేస్తే చివర్లో "ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా" అన్న ప్రశ్నకు అవునని చెప్పి మీ పేరు పెట్టాలి, తప్పేం లేదు. కానీ ఆఖరి సంతకం బటన్ మాత్రం దరఖాస్తుదారే నొక్కాలి. అమ్మ చేత నొక్కించాను, "ఇంతేనా" అంది.

కొన్ని ప్రశ్నల దగ్గర అందరూ తడబడతారు. పేరును మాతృభాష లిపిలో రాయమంటుంది, అక్కడ హాయిగా తెలుగులో రాయండి. క్లాన్ లేదా ట్రైబ్‌కు, అంటే తెగకు, చెందినవారా అన్నదానికి కొందరు కులం, గోత్రం ఎక్కిస్తున్నారు, అది అడిగేది వాటిని కాదు. అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలు అడుగుతుంది, బాపుకు ఫేస్‌బుక్ ఉందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఇంతకుముందు వీసా రిజెక్ట్ అయిందా అంటే, అయితే అయిందనే చెప్పాలి, వాళ్ల దగ్గర రికార్డు ఉంటుంది, దాచిపెడితే మొదటి రిజెక్షన్ కంటే అదే పెద్ద తప్పవుతుంది. అమెరికాలో ఉన్న పిల్లల వివరాలు, వాళ్ల స్టేటస్ (వీసానా, గ్రీన్‌కార్డా, సిటిజన్‌షిప్పా) కూడా ఉన్నదున్నట్టు రాయాలి.

ఇంకొకటి మనవైపు వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సిన ప్రశ్న. ఆయుధాలు, పేలుడు పదార్థాలు, అణు, రసాయన విషయాల్లో శిక్షణ గానీ అనుభవం గానీ ఉందా అని అడుగుతుంది. అందరూ చూడకుండానే లేదని కొట్టేస్తారు. భూపాలపల్లిలో ఉండే మా మేనమామ సింగరేణిలో షాట్‌ఫైరర్‌గా చేసి దిగిపోయాడు, అంటే బొగ్గు పేల్చడానికి మందు పెట్టడమే ఆయన పని. కొడుకేమో లేదని పెడదామంటాడు, ఈయనేమో "ముప్పై ఏండ్లు అదే చేస్తిని, లేదని ఎట్ల అంట" అని మొండికేశాడు. చివరికి అవునని పెట్టి, ప్రభుత్వ బొగ్గు గనిలో ఉద్యోగం, లైసెన్సుతో చేసిన పని అని రెండు లైన్లు రాశారు. ఇంటర్వ్యూలో దాని మీద ఒక్క ప్రశ్న అడిగారు, ఈయన గని గురించి చెప్పడం మొదలుపెడితే ఆ ఆఫీసరే చాలు చాలు అన్నారట. వీసా వచ్చింది.

ఫొటో రెండంగుళాల చదరం, వెనక తెలుపు, కళ్లద్దాలు తీసి దిగాలి. చివర్లో వచ్చే బార్‌కోడ్ ఉన్న కన్ఫర్మేషన్ పేజీ ప్రింటు తీయండి. ఫారంలో ఏదైనా తప్పు కనిపించి కొత్తది నింపితే, అపాయింట్‌మెంట్‌లో కూడా కొత్త నంబరు మార్చుకోవాలి, రెండూ కలవకపోతే లోపలికి రానివ్వరు.

ఫీజు, అపాయింట్‌మెంట్

బీ1/బీ2 వీసాకు, అంటే ఈ విజిటర్ వీసాకే, మనిషికి 185 డాలర్లు, ఆ రోజు అమెరికా కాన్సులేట్ రేటు ప్రకారం రూపాయల్లో కట్టాలి. కట్టే రోజు వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి, ఫీజులు మారుతుంటాయి. వీసా వచ్చినా రాకున్నా ఆ డబ్బు తిరిగి రాదు, ఇద్దరికి 370 డాలర్లు పోయినప్పుడు అమ్మ దాన్ని బంగారం లెక్కలో చెప్పింది, నేను విననట్టు ఉన్నాను. రసీదు 365 రోజులు పనిచేస్తుంది. అమ్మానాన్నలిద్దరినీ ఒకే ప్రొఫైల్‌లో గ్రూపుగా పెడితే ఒకే సమయానికి స్లాట్ వస్తుంది. 2025 జనవరి నుంచి తేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే ఉచితం, ఆ తర్వాత మళ్లీ ఫీజు కట్టాల్సిందే, కాబట్టి పెళ్లిళ్లు, ఆసుపత్రి పనులు చూసుకుని తేదీ పట్టండి. 79 దాటిన వాళ్లకు ఇంటర్వ్యూ ఉండదని పాత మాట ఒకటి తిరుగుతోంది, 2025 సెప్టెంబర్ నుంచి మామూలుగా వాళ్లూ వెళ్లాల్సిందే.

హైదరాబాద్‌లో రెండు చోట్లు

రెండు వేర్వేరు అపాయింట్‌మెంట్లు ఉంటాయి. మొదట వేలిముద్రలు, ఫొటో. ఇది హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోనే, కింది అంతస్తులో ఉన్న వీసా అప్లికేషన్ సెంటర్లో. వరంగల్ నుంచి వచ్చేవాళ్లకు ఇది నిజంగా సుఖం. బస్సు ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా నేరుగా హైటెక్ సిటీలో దిగొచ్చు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ దిగినా అదే లైను దొరుకుతుంది. కారు మాట్లాడుకుని ట్రాఫిక్‌లో బీపీ పెంచుకోవడం కంటే ఇది మేలని నా అభిప్రాయం. వ్యవసాయం, ఇంటిపని చేసి వేళ్లు అరిగినవాళ్లకు ముద్రలు ఒక పట్టాన పడవు, వారం ముందు నుంచీ చేతులకు కొబ్బరినూనో క్రీమో రాసుకోమనండి.

రెండోది ఇంటర్వ్యూ, తర్వాతి రోజో ఆ తర్వాతో ఉంటుంది. కాన్సులేట్ బేగంపేట ప్యాలెస్‌లో ఉందనుకునే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. 2023 మార్చి నుంచి అది నానక్‌రాంగూడలో ఉంది. రాయదుర్గం మెట్రోలో దిగి ఆటోనో క్యాబో ఎక్కాలి. రాత్రికి ఆ చుట్టుపక్కల ఎవరింట్లోనైనా ఆగితే నయం, తెల్లారుజామున వరంగల్‌లో బయల్దేరి సమయానికి చేరడం ప్రయాస.

లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. మన పెద్దవాళ్లకు అసలు టెన్షన్ ఇదే. ఫోను లేకపోతే బయటికొచ్చాక ఎవరికి ఎలా చెప్పాలి? కాబట్టి ముందే బయట ఒక చోటు చూపించి "ఇక్కడే ఉంటా" అని చెప్పండి, నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. అపాయింట్‌మెంట్ లెటర్, డీఎస్-160 పేజీ, పాస్‌పోర్టు, పాతవి ఉంటే అవి, అన్నీ కాగితాలుగా చేతిలో ఉండాలి.

ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. రాని ఇంగ్లీషులో బట్టీపట్టిన జవాబులు చెప్పించకండి, దయచేసి. అడిగేవి తేలిక ప్రశ్నలే. ఎక్కడికి, ఎవరి దగ్గరికి, ఎన్నాళ్లు, ఇక్కడ ఏం చేస్తారు, పిల్లలెందరు, ఎవరు ఖర్చు పెడతారు. చట్టం ప్రకారం వచ్చిన ప్రతి మనిషినీ అక్కడే ఉండిపోయేవాడిగానే చూస్తారు, కాదని నమ్మించాల్సింది మనం, ఆ 214(బీ) అంటే అదే. ఇన్విటేషన్ లెటర్ తప్పనిసరి కాదు. భూమి పట్టాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఇంటి విలువ సర్టిఫికెట్లతో మేం మొదటిసారి రెండు కిలోల ఫైలు పంపించాం, ఒక్క కాగితం కూడా అడగలేదు. రెండోసారి పల్చటి కవరు పంపాం, అందులో బాపు పెన్షన్ కాగితం, నా ఉద్యోగం లెటర్, వీసా కాపీ.

కూతురికి కాన్పు ఉందని వెళ్లే తల్లులు ఆ మాటే చెప్పొచ్చు, అందులో దాచాల్సిందేం లేదు. కానీ పిల్లాణ్ణి చూసుకోవడానికి ఆయాకు బదులు ఆరునెలలు ఉంచుకుందామని మీ ఉద్దేశమైతే ముందు మీరే ఆలోచించుకోండి, విజిటర్ వీసా దానికి కాదు.

అమ్మను ఎన్నాళ్లుంటారని అడిగితే "మూడు నెలలు, బతుకమ్మకు ఇంట్ల ఉండాలె" అందట. మేం నేర్పింది కాదది. మాకు తెలిస్తే ఏదో ఒక పెద్ద జవాబు తయారుచేసి చెడగొట్టేవాళ్లం.

వచ్చాక

ఓకే అంటే పాస్‌పోర్టు వాళ్లే ఉంచుకుంటారు, తర్వాత సెంటర్‌కు వెళ్లి తెచ్చుకోవచ్చు, లేదా డబ్బు కట్టి ఇంటికే తెప్పించుకోవచ్చు. చేతికి రాగానే పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు అక్షరమక్షరం చూసుకోండి. మామూలుగా పదేళ్ల వీసా ఇస్తారు. ఈ లోపు పాస్‌పోర్టు గడువు తీరితే పాతది పారేయొద్దు, పాతదాంట్లో ఉన్న వీసా చెల్లుతుంది, రెండూ పట్టుకుని ప్రయాణం చేయాలి.

పదేళ్ల వీసా అంటే పదేళ్లు ఉండొచ్చని కాదు, మా పక్కింటాయన అలాగే అనుకున్నాడు. ఎన్నాళ్లుండాలో దిగినప్పుడు విమానాశ్రయంలో ఆఫీసర్ నిర్ణయిస్తాడు, ఎక్కువగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. అమ్మావాళ్లు ఇంటికి చేరి సకినాలు, పచ్చళ్లు సంచుల్లోంచి తీస్తుండగానే మీరు వెబ్‌సైట్‌లో ఆ ఐ-94 తెరిచి తేదీ చూసి, ప్రింటు తీసి, రిటర్న్ టికెట్ ఆ లోపే ఉందో లేదో సరిచూసుకోండి.