బల్లార్షాలో కొత్తగా దిగే తమ్ముళ్లకు: బిల్లుబుక్కు కొట్టించే ముందు

మొన్న మహారాష్ట్రలోని బల్లార్షా స్టేషన్ బయట టీకొట్టు దగ్గర మంచిర్యాల వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు కలిశాడు. చేతిలో ఫ్యాక్టరీకి బిల్లులు రాసే కొత్త బిల్లుబుక్కు, పైన వాడి పేరు, కింద 'వెల్డింగ్ వర్క్స్' అని అచ్చు. మెషిన్ వాడిది కాదు, కేబుల్ వాడిది కాదు, ఆఖరికి మొహానికి అడ్డం పెట్టుకునే షీల్డు కూడా ఫ్యాక్టరీదే. "అన్నా, నేనిప్పుడు కాంట్రాక్టర్‌ని" అని ఒకటే మురిసిపోతున్నాడు. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలాగే మురిశాను.

రూము దొరుకుతుంది, మరాఠీ నాలుగు నెలల్లో అదే వస్తుంది, అవి నేను చెప్పను. కాగితం సంగతి విను.

12 నెలల్లో 240 రోజులు, గనిలో భూమి లోపలైతే 190 రోజులు చేసినవాణ్ని ఊరికే తీసేయడానికి లేదు. నెల నోటీసివ్వాలి, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం కట్టాలి. అందుకని ఆ అంకె దాకా నిన్ను రానివ్వరు. 228వ రోజున రెన్యువల్ అని నా గేటుపాసు తీసుకున్నారు. రెండు వారాలు రూములో పడుకున్నాను. మళ్లీ పిలిస్తే అదే గేటు, అదే సూపర్‌వైజర్, పాసు మీద మాత్రం ఠేకేదార్, అంటే కూలీల కాంట్రాక్టర్, వాడి బావమరిది ఫర్మ్ పేరు! ఆ బావమరిది ఊరికే పుట్టుకు రాలేదు. 1970 కాంట్రాక్టు కూలీల చట్టంలో 20 మంది కూలీలుంటే ఠేకేదార్‌కు లైసెన్సు కావాలని ఉండేది, మహారాష్ట్ర దాన్ని 50 చేసింది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ 50 మందే. అందుకే కొందరి దగ్గర ఎప్పుడు లెక్కపెట్టినా నలభై ఎనిమిది మందే ఉంటారు, మిగతావాళ్లు బావమరిది పేరు మీద.

ఈ తిప్పుడు కూడా ఎందుకనుకున్నారేమో, మరుసటి ఏడు నా చేతిలోనే బిల్లుబుక్కు పెట్టారు. ఇక నేను కామ్‌గార్‌ని, అంటే కార్మికుణ్ని, కాను, వ్యాపారిని. వ్యాపారికి పీఎఫ్ ఎవడు కడతాడు? 15,000 మీద 12 శాతం వేసుకున్నా యజమాని వాటా నెలకు 1,800, అది పోయింది. ఈఎస్ఐ వైద్య బీమా పోయింది. నిప్పురవ్వ కంట్లో పడితే ఆసుపత్రి ఖర్చు నాదే, పోయిన కూలీ నాదే, పైగా ఆ నెల బిల్లులో 1 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపన్ను కోత.

240 దాటితే పర్మనెంటు చేస్తారట కదా అని నాతో వాదించకు. దాటినంత మాత్రాన వాళ్లంతట వాళ్లు చెయ్యరు. ఎన్నిసార్లు చెప్పాలి!

పనిముట్లు ఎవరివి, ఎన్నింటికి రావాలో చెప్పేదెవరు, సెలవు ఎవరినడగాలి, ఇవి చూసుకో. అన్నీ వాళ్లవే అయితే బిల్లుబుక్కు మీద ఏం అచ్చేసినా నువ్వు కూలివే, చంద్రపూర్ లేబర్ ఆఫీసులో ఆ మాట చెప్పుకోవచ్చు. ఉత్త నోటిమాటతో పోతే మాత్రం కష్టం. ప్రతి పాసుకూ, హాజరు పుస్తకంలో నీ పేరున్న పేజీకీ ఫోటో తీసి పెట్టుకో. కూలీ బ్యాంకులోనే వేయించుకో.

సరే, మరీ టెన్షన్ పడకు. ఠేకేదార్ కూలీ ఎగ్గొడితే ఫ్యాక్టరీయే కట్టాలని చట్టం. ఆ 1 శాతం కూడా, పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే, రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది. సొంత మెషిన్ కొని, నలుగురి దగ్గర పని పట్టి, రేటు నువ్వే చెప్పే రోజొస్తే బిల్లుబుక్కంత మంచిది లేదు, రాజురా రోడ్డు మీద నా షెడ్డు అలాగే నడుస్తోంది.

ఆ కుర్రాడు బిల్లుబుక్కు సంచిలో దోపుకుని, అక్కడే గేటుపాసుకు ఫోటో తీసుకున్నాడు. టీ డబ్బులు నాతోనే ఇప్పించాడు.