కరెంటు బిల్లు ఒక్కసారిగా పెరిగిందా? కారణం ఇలా పట్టుకోండి

బిల్లు చూడగానే ఏసీ మీదో ఫ్రిజ్ మీదో పడిపోకండి. ఒక్కో కారణాన్నీ పరీక్షించి కొట్టేసుకుంటూ వస్తే అసలుది మిగులుతుంది.

ముందు రూపాయలు వదిలేసి యూనిట్లు చూడండి. రెండు రీడింగుల మధ్య రోజులతో యూనిట్లను భాగించండి. పోయిన నెల 30 రోజులకు 180, ఈసారి 36 రోజులకు 216 వచ్చాయనుకుందాం. రెండూ రోజుకు 6 యూనిట్లే. వాడకం పెరగలేదు, రీడింగు ఆలస్యమైంది. బిల్లులోని రీడింగు ఇప్పుడు మీటరులో ఉన్న అంకె కంటే ఎక్కువుంటే రీడింగే తప్పు. ఫొటో తీసి కరెంటాఫీసులో ఇవ్వండి.

రోజు సగటే పెరిగితే మీటరు దగ్గరకు పదండి. యూనిట్‌కు మీటరు మీది చిన్న లైటు ఎన్నిసార్లు మెరుస్తుందో మీటరు మీదే రాసి ఉంటుంది. అది 3200 అయితే, 1125ను రెండు మెరుపుల మధ్య సెకన్లతో భాగించండి, వాట్లు వస్తాయి. 15 సెకన్లకోసారి మెరిస్తే 75 వాట్లు, అంటే ఒక పాత సీలింగ్ ఫ్యానంత.

మెయిన్ ఆపేయండి. అయినా మెరుస్తుంటే లోపం మీటరులోనో, మీటరుకీ మెయిన్‌కీ మధ్య వైర్లలోనో ఉంది. సీలు ముట్టుకోకుండా ఫిర్యాదు చేయండి. మెరుపు ఆగితే ఎంసీబీలన్నీ (బోర్డులో ఒక్కో లైనుకూ ఉండే చిన్న స్విచ్చులు) దించి, మెయిన్ వేసి, ఒక్కోటీ ఎత్తి చూడండి. రెండు కలిపి ఎత్తితే ఏది లాగుతోందో తెలియదు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: ఫ్రిజ్, గీజరు వాటంతట అవే ఆగుతూ నడుస్తుంటాయి. ఆగిన నిమిషంలో చూసి అది మంచిదని తేల్చేయకండి. కంప్రెసర్ మోత వినపడ్డాకే లెక్కపెట్టండి, మొత్తం మీద ఎంతసేపు నడుస్తోందో కూడా గమనించండి. కరెంటు పోయి వచ్చిన వెంటనే ఈ పరీక్ష వద్దు, ఇన్వర్టరు చార్జింగ్ లెక్కలో కలిసిపోతుంది.

ఇక్కడా తేడా లేకపోతే నీళ్ల మోటారు చూడాలి. 1 హెచ్‌పీ మోటారు రోజుకో గంట ఎక్కువ తిరిగితే నెలకు సుమారు 30 యూనిట్లు. రాత్రి కుళాయిలన్నీ కట్టి ట్యాంకులో నీటిమట్టానికి గుర్తు పెట్టండి. తెల్లారేసరికి తగ్గితే, మర్నాడు ట్యాంకు కింది వాల్వు కూడా కట్టి చూడండి. అప్పుడూ తగ్గితే ట్యాంకే కారుతోంది, తగ్గకపోతే పైపో ఫ్లష్ ట్యాంకో. మొదటి రాత్రే మట్టం కదలకపోయి, నీళ్ల వాడకం పెరగకున్నా మోటారు ఎక్కువసేపు తిరుగుతుంటే అది తక్కువ తోడుతోందేమో: ఫుట్ వాల్వు (నీళ్లలో మునిగే పైపు అడుగున ఉండేది) విప్పించి చూడండి, బోరయితే నీళ్లు కిందికి దిగాయేమో కనుక్కోండి.