సెక్స్టెంట్ సేకరణ, 5వ పాఠం: సున్నాకి కుడివైపు

గత పాఠంలో సెక్స్టెంట్ (నావికులు సూర్యుడి, నక్షత్రాల ఎత్తుని కోణంలో కొలిచే పరికరం) గురించి ‘ఇత్తడిని పొడిగుడ్డతో తుడవండి’ అన్నాను. తోమమనలేదు. ఈ రెండు మాటలకీ ఉన్న తేడా మీరు పంపిన ఫోటోల్లో తళతళా మెరుస్తోంది. అందుకని వెర్నియర్ (స్కేలు గీతల మధ్య భాగాల్ని చదివే చిన్న స్కేలు) మొదలుపెట్టే ముందు చింతపండు సంగతి తేల్చాలి.

పండక్కి దీపపు కుందులు తోమినట్టు చింతపండూ ఉప్పూ కలిపి ఫ్రేములు తోమేశారు. కుందికి ఏమీ కాదు, తోమగానే చెంబెడు నీళ్ళు పోసి కడిగేస్తాం. సెక్స్టెంట్‌ని అలా కడగలేం. ఉప్పు స్క్రూల సందుల్లో, అద్దాల చట్రాల కింద దిగబడిపోతుంది. దానికి గోపాలపూర్ సముద్రపు గాలి తోడైతే ఆ ఉప్పులోని క్లోరైడు ఇత్తడిలోని రాగిని కొరుక్కుతింటూ పచ్చటి పొడి కక్కుతుంది. తుడిస్తే పోతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ అక్కడే పుడుతుంది. పైగా పాతకాలం పనివాళ్ళు ఇత్తడి మీద పూసిన లక్క వార్నిష్ కూడా చింతపండుతో పాటే పోయింది. ఆ తేనెరంగు పొర తిరిగి రాదు. ఒడిశాలోని బెల్లగుంఠలో చేసే ఇత్తడి చేపకి మెరుపే అందం. సెక్స్టెంట్ మెరుస్తుంటే తెలిసినవాడు ధర తగ్గించి అడుగుతాడు.

డబ్బా పాలిష్ వాడినవాళ్ళకి ఇంకో మాట. ఇత్తడి పాలిష్‌లలో చాలావాటిలో అమోనియా ఉంటుంది. వంచి, సాగదీసి చేసిన ఇత్తడి అమోనియాకీ చెమ్మకీ చిక్కితే చడీచప్పుడూ లేకుండా పగుళ్ళిస్తుంది. తెల్లవాళ్ళ కాలంలో మన దేశంలోనే వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి తొడుగులు ఇలాగే పగిలేవి. గుర్రపు మూత్రంలోంచి వచ్చే అమోనియాయే కారణమని 1921లో తేల్చారు. మీ సెక్స్టెంట్‌లో పలచటి స్ప్రింగులు, టెలిస్కోపు గొట్టం అలాంటి ఇత్తడే.

ఇప్పటికే తోమేసినవాళ్ళు బ్యాటరీ షాపులో లీటరు డిస్టిల్డ్ వాటర్ కొనండి. కుళాయి నీళ్ళలోనూ క్లోరైడు ఉంటుంది, అవి వద్దు. దూది చుట్టిన పుల్లని తడిపి, పిండి, ఇత్తడి మీద ఒత్తండి, రుద్దకండి. అంగుళానికో కొత్త పుల్ల. వెంటనే చల్లగాలి పెట్టిన హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. ఇలా రోజుకోసారి, మూడు రోజులు. అద్దాలకి అర అంగుళం దూరంలోనే ఆగిపోండి. బాగా పాత అద్దాల వెనక ఉండేది తగరం, పాదరసం కలిపిన పూత. తడి తగిలితే పొరలు పొరలుగా లేచిపోతుంది.

స్కేలున్న వెండి పట్టీ నల్లబడితే నల్లగానే ఉండనివ్వండి. ఎందుకో లెక్క చూపిస్తాను. 7 అంగుళాల వ్యాసార్ధం ఉన్న సెక్స్టెంట్‌లో పక్కపక్క గీతలు 10 నిమిషాల (కోణం నిమిషాలు, డిగ్రీకి 60; నిమిషానికి 60 సెకన్లు) దూరంలో ఉంటే, వాటి మధ్య ఎడం 0.26 మి.మీ. వెర్నియర్ దాన్ని 60 భాగాలు చేసి 10 సెకన్ల దాకా చదువుతుంది. అంటే 0.0043 మి.మీ. పాలిష్ పొడి వేసి వేలితో నాలుగుసార్లు రుద్దితే గీత అంచులు గుండ్రబడతాయి, లోపలి నల్లరంగు ఊడుతుంది, ఇక ఏ గీత దేనితో కలిసిందో చెప్పలేం. 10 రెట్ల లూప్‌లో (చిన్న భూతద్దంలో) చూడండి, గీత అంచు బ్లేడుతో కోసినట్టుండాలి. లూప్ వాచీ రిపేరు వాళ్ళు వాడేదైతే చాలు. ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదవొద్దు, లెన్సు కాస్త పక్కకి జరిగినా గీతలు అబద్ధం చెబుతాయి.

సరే, వెర్నియర్. సున్నాకి ఎడమవైపు చదవడం హైస్కూలు వెర్నియర్ కాలిపర్స్ లాంటిదే కాబట్టి వదిలేస్తున్నాను. క్లాంపు బిగించాక టాంజెంట్ స్క్రూ (వెర్నియర్‌ని కొద్దికొద్దిగా జరిపే స్క్రూ) తిప్పాలని కూడా మళ్ళీ చెప్పను.

ఇండెక్స్ ఎర్రర్ (సున్నా చూపాల్సిన చోట పరికరం చూపే తప్పు) చూడాలంటే సెక్స్టెంట్ చెయ్యిని, అంటే వెర్నియర్ ఉన్న కదిలే కడ్డీని, సున్నా దగ్గర పెట్టి దూరపు వస్తువుని చూడాలి. నేరుగా కనిపించే బొమ్మా, అద్దంలోది ఒకే గీతలో కలిసేదాకా స్క్రూ తిప్పి, అప్పుడు స్కేలు చదవాలి. కొందరు వీధి చివర గుడి శిఖరాన్ని చూసి ‘2 నిమిషాల తప్పుంది’ అని రాశారు. తప్పు పరికరానిది కాదు. ఆ కడ్డీ మీదున్న ఇండెక్స్ అద్దానికీ మన చూపు గీతకీ సుమారు 6 సెం.మీ. ఎడం ఉంటుంది. 100 మీటర్ల దూరంలో ఆ ఎడమే 2 నిమిషాలు అవుతుంది. 3 కిలోమీటర్లు దాటితే 4 సెకన్లకి పడిపోతుంది. గోపాలపూర్‌లో సముద్రపు అంచు ఉంది. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వాళ్ళకి చుట్టూ కొండలే, దూరపు కొండ మీద సెల్ టవరు కొస చాలు.

బొమ్మలు కలిశాక వెర్నియర్ మీది బాణం గుర్తు స్కేలు సున్నాకి ఎడమవైపు ఆగితే ‘ఆన్’, కుడివైపు ఆగితే ‘ఆఫ్’. ఆన్ అయితే ఆ తప్పుని ప్రతి కొలతలోంచి తీసెయ్యాలి, ఆఫ్ అయితే కలపాలి. పది మందిలో తొమ్మిది మంది పడే గోతి ఈ ఆఫ్ దగ్గరే ఉంది. ఎన్నిసార్లు చెప్పినా పడుతూనే ఉంటారు, కాబట్టి నిదానంగా చూద్దాం.

వెర్నియర్‌కి బాణం సున్నాకి ఏ పక్కనుందో తెలియదు. తనకి కుడిపక్కనున్న గీత నుంచి ఎడమకి ఎంత జరిగిందో అదొక్కటే చెబుతుంది. బాణం సున్నాకి కుడివైపు, సున్నాకీ మొదటి గీతకీ మధ్య ఉందనుకోండి. ఆ మొదటి గీత 10 నిమిషాలు. వెర్నియర్ 7 నిమిషాల 30 సెకన్లు చూపిస్తోంది. తప్పు 7 నిమిషాల 30 సెకన్లా? కాదు. బాణం 10 నిమిషాల గీత నుంచి 7:30 వెనక్కి, సున్నా వైపు వచ్చింది. సున్నాకి మిగిలిన దూరం 2 నిమిషాల 30 సెకన్లు. ఆఫ్ తప్పు అదీ.

రెండో గీతకీ మూడో గీతకీ మధ్య ఆగి, వెర్నియర్ 4:10 చూపిస్తే? 30 లోంచి 4:10 పోతే 25:50. మూడో గీతకీ నాలుగో గీతకీ మధ్య 9:20 చూపిస్తే? 40 లోంచి 9:20 పోతే 30:40. బాణం సరిగ్గా గీత మీదే నిలిచి వెర్నియర్ సున్నా చూపిస్తే తీసివేత అక్కర్లేదు, ఆ గీత విలువే జవాబు. వెర్నియర్‌ని ఎడమ చివర నుంచి వెనక్కి లెక్కపెట్టే పద్ధతి కూడా ఉంది, అదీ ఒప్పే. కానీ మసక వెలుతురులో 60 గీతల్ని వెనక్కి లెక్కపెట్టడం కన్నా కాగితం మీద తీసివేత నయం.

ఈ గోతిలో పడ్డారో లేదో సూర్యుడే చెబుతాడు. ఇండెక్స్ అద్దం ముందూ, కదలని హొరైజన్ అద్దం ముందూ, రెండుచోట్లా నల్లటి షేడ్లు (నల్ల గాజు పలకలు) దించండి. పాత షేడు పగిలినా, చట్రంలో వదులుగా ఉన్నా ఈ పరీక్ష చెయ్యకండి, కన్ను పోతుంది. రెండు సూర్యబింబాల్ని అంచుకి అంచు ఆనించి ఒకసారి ఆన్ వైపు, ఇంకోసారి ఆఫ్ వైపు చదవండి. అక్టోబరు మొదటి వారంలో ఆన్ 33:20, ఆఫ్ 30:40 వచ్చాయనుకోండి. రెండూ కలిపితే సూర్యుడి రెండు వ్యాసాలు, అంటే నాలుగు అర్ధవ్యాసాలు: 64:00. నాలుగో వంతు 16:00. ఆ వారం సూర్యుడి అర్ధవ్యాసం అంతే ఉంటుంది, కాబట్టి చదవడం సరిగ్గా జరిగింది. తేడాలో సగం 1:20, ఆన్ వైపు. ఇదే మీ ఇండెక్స్ ఎర్రర్.

ఇప్పుడు అదే ఆఫ్‌ని తీసివేత లేకుండా 30కి 9:20 కలిపి 39:20 అని చదివితే మొత్తం 72:40, నాలుగో వంతు 18:10. అంత లావు సూర్యుడు ఏ నెలలోనూ ఉండడు. జనవరి మొదట్లో 16.3 నిమిషాలు, జూలై మొదట్లో 15.7 నిమిషాలు, వాటి మధ్యే తిరుగుతాడు.

అన్నట్టు, ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917’ అని చెక్కిన సెక్స్టెంట్ కొనొచ్చా అని అడిగారు. ఆ రెండు పేర్లూ ఒక కంపెనీగా కలిసింది 1947లో. బల్ల మీద అలంకారానికైతే కొనుక్కోండి.

అభ్యాసం: పది ఉదయాలు, రోజుకి ఐదు జతలు (ఒక ఆన్, ఒక ఆఫ్ కలిపి ఒక జత), మొత్తం యాభై. గోపాలపూర్‌లో సూర్యుడు నీళ్ళలోంచి లేస్తుంటే ముచ్చటపడి అప్పుడే కొలవకండి. అంచు దగ్గర గాలి వెలుగుని వంచడం వల్ల బింబం నిలువునా ఆరోవంతు దాకా నొక్కుకుపోతుంది. కనీసం 20 డిగ్రీలు పైకొచ్చాక, సెక్స్టెంట్‌ని పక్కకి పడుకోబెట్టి అడ్డంగా కొలవండి. నాలుగో వంతు ఆ రోజు అర్ధవ్యాసానికి 10 సెకన్లు మించి తేడా వస్తే ఆ జత కొట్టేసి మళ్ళీ తీసుకోండి. ఇండెక్స్ ఎర్రర్ చివరి సగటు 3 నిమిషాల లోపుంటే అద్దాల్ని సర్దే స్క్రూల జోలికి పోవద్దు, చదరపు తలల పాత స్క్రూలు అరిగిపోతే దొరకవు. ఆ సగటుని తేదీతో సహా పెన్సిలుతో చిన్న కాగితం మీద రాసి పెట్టెలో ఉంచండి. మూత లోపల పాత సర్టిఫికెట్ ఉంటే దాని పక్కన సెల్లోటేపు మాత్రం అంటించకండి.