పొద్దున వాకింగ్‌కు టైం ముందురోజు రాత్రే చూసుకోండి

చలికాలంలో ఐదుకే లేచి కడప శివారు గ్రౌండ్‌కు పోతే రెండు రౌండ్లకే గొంతులో గరగర. రోడ్డు పక్క చెత్త కాల్చిన పొగంతా నేలకు అంటుకుని ఉంటుంది. మాస్క్ పెట్టుకుని నడవడం నా వల్ల కాలేదు.

ఇప్పుడు రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు ఫోన్ చూస్తున్నా. విండీ అనే వాతావరణ యాప్‌లో పీఎం 2.5 (గాలిలోని సన్నని పొగ, ధూళి కణాలు) పెట్టి, మ్యాప్‌లో గ్రౌండ్ మీద నొక్కి, టైంను రేపు పొద్దున 5 నుంచి 9 వరకు జరిపి చూడాలి. అంకె ఎంతని కాదు, ఏ గంటకు దిగుతోందో చూసుకుంటే చాలు. తర్వాత అక్కడే గాలి వేగం. గంటకు ఐదు కిలోమీటర్ల లోపుంటే, ఆకాశంలో మబ్బు కూడా లేకపోతే, రాత్రి నేల బాగా చల్లబడి పొగ కిందే ఉండిపోతుంది కాబట్టి, నేను ఏడున్నర దాటాకే బయలుదేరుతా. ఎండ పడి నేల కాస్త వేడెక్కితే పొగ పైకి లేచిపోతుంది. గాలి బాగా వీచే రోజు ఆరుకైనా పర్వాలేదు.

పొద్దున సమీర్ యాప్‌లో (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిది) కనిపించే ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, చూసి మోసపోకండి. అది 24 గంటల సగటు, ఇప్పటి గాలి కాదు.

ఒక్క జాగ్రత్త. విండీ లెక్క పదుల కిలోమీటర్ల వెడల్పున్న గడి మొత్తానికి ఒకటే. పక్క సందులో టైరు కాలుస్తుంటే దానికేం తెలుసు? గేటు దగ్గర నిలబడి పాలకొండల వైపు ఒకసారి చూస్తా, కొండ మసకగా ఉంటే ఇంటికే. మంచు పడిన రోజు మాత్రం ఈ కొండ గుర్తు పనికిరాదు, ముక్కునే నమ్ముకోవాలి.