డాబా మీద బకెట్లలో వరి ఇలా వేయండి

శ్రీకాకుళం టౌన్లో ఉంటూ సెంటు భూమి లేనివాళ్లూ, సింగపూర్ ఫ్లాట్లలో ఉంటున్న మన పిల్లలూ అడిగేది ఒకటే, బకెట్లో వరి పండుతుందా అని. పండుతుంది. కాకపోతే ఇరవై లీటర్ల పెయింటు బకెట్‌కి ముప్పై నలభై గ్రాముల ధాన్యం వస్తే గొప్ప, పాతిక బకెట్లు పెట్టినా కిలోకి మించదు. ఇల్లు గడవడానికి కాదిది, రోజూ తినే అన్నం ఎలా తయారవుతుందో పిల్లలు కళ్లారా చూడాలి, నా పట్టుదలంతా దానికే. తిండిలో నూటికి తొంభై పాళ్లు బయటి నుంచి తెచ్చుకునే సింగపూర్‌లోనే టెమాసెక్ రైస్ అని సొంత వంగడం తయారు చేసుకున్నారు.

స్వర్ణ రకం వరి జోలికి పోవద్దు, కోతకి 150 రోజులు పడుతుంది. 120 రోజుల్లో కోతకొచ్చే కాటన్‌దొర సన్నాలు, అదే 1010, చాలు. కోడిగుడ్డు తేలేంత ఉప్పు కలిపిన నీళ్లలో విత్తనం పోసి, తేలిన తాలు తీసేసి, మునిగిన గింజల్ని మంచినీళ్లతో బాగా కడిగి, ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు తడి గోనెలో మూట కడితే తెల్లగా మొలక కనిపిస్తుంది. అప్పుడు ట్రేలో చల్లండి.

బకెట్‌కి చిల్లు పెట్టకండి. మూడు పాళ్లు చెరువు మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల గత్తం, అంటే పేడ ఎరువు, వేసి, నీళ్లు పోసి, దమ్ము పట్టినట్టు చేత్తో మెత్తగా పిసకండి. ట్రేలో పెరిగిన పన్నెండు పదిహేను రోజుల ఆకుని, అదే నారుని, వేళ్ల మట్టితో సహా తీసి, బకెట్‌కి ఒక్కటే, పైపైన నాటండి, లోతుగా గుచ్చితే మొదట్లోంచి పుట్టే పిలకలు తగ్గుతాయి.

అసలు జాగ్రత్త నీళ్ల దగ్గరే. నీళ్లు వారం నిలిస్తే దోమ పిల్లలు తయారు, సింగపూర్‌లో అయితే జరిమానా కూడా వేస్తారు. అందుకే నీళ్లు పోసి, అవి ఇంకి మట్టి మీద సన్నగా బీట కనబడబోయే ముందు మళ్లీ పోయండి, వానలు ముసురుపట్టి నీళ్లు నిలిచిన రోజుల్లో వంచేయండి. కంకి ఇంకా ఆకు తొడుగులోనే ఉండే పొట్ట దశ నుంచి గింజ పాలు పోసుకునే దాకా మాత్రం మట్టి అస్సలు ఆరకూడదు, రెండు పూటలా చూసుకోవాలి.

ఆరు గంటల ఎండ తప్పనిసరి, వరండా నీడలో ఆకు పెరుగుతుంది గానీ కంకి రాదు. గింజ పాలు పట్టగానే పిచ్చుకలు దిగుతాయి, వల కప్పండి. అక్టోబరులో తుపాను హెచ్చరిక వస్తే బకెట్లు గోడ వారకి జరపండి, 2018 తిత్లీ గాలికి నిలబడిన చేలే లేవు.

కంకి వచ్చిన నెలకి, ముప్పాతికకి పైగా గింజలు పసుపెక్కాక కోయండి, అంతకు పది రోజుల ముందే నీళ్లు ఆపేయాలి. ఇంత తక్కువ ధాన్యం మిల్లులో ఆడరు, రెండెండలు ఆరబెట్టి రోట్లో మెల్లగా దంచి చేటతో చెరగండి. తవుడు పోని బియ్యం కాబట్టి వండే ముందు గంటసేపు నానబెట్టండి.