రోమ్ వెళ్తున్న మిత్రబృందాలకు: ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ ఒంటిమీదే

పోయిన వారం రోమ్‌లోని టెర్మినీ స్టేషన్‌లో మన తెలుగు పిల్లల బ్యాగు ఒకటి పోయింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఐదుగురు స్నేహితులు, ఉద్యోగాల్లో చేరాక కలిసి చేసిన మొదటి విదేశీ ప్రయాణం. ఫ్లోరెన్స్ రైలు ఏ ప్లాట్‌ఫాం మీదకు వస్తుందోనని అందరూ తలెత్తి బోర్డు చూస్తున్నారు. ఎవరో వచ్చి ఇటాలియన్‌లో ఏదో అడిగాడు. అతనికి జవాబు చెప్పి వెనక్కి తిరిగేసరికి సూట్‌కేసులన్నీ ఉన్నాయి, చిన్న నల్ల బ్యాగు మాత్రం లేదు. ఐదుగురి పాస్‌పోర్టులూ అందులోనే ఉన్నాయి.

నేను ఈ ఊళ్ళోనే ఉంటాను కాబట్టి వేసవి మొదలవగానే తెలిసినవాళ్ళ ద్వారా ఇలాంటి ఫోన్లు వస్తుంటాయి. పర్సు పోయిందంటే ధైర్యం చెబుతాను, ఫోన్ పోయిందంటే చేయాల్సింది చెబుతాను. "అందరి పాస్‌పోర్టులూ ఒకే బ్యాగులో ఉన్నాయి అన్నా" అన్న మాట వింటే మాత్రం నాకు నోట మాట రాదు. ఎందుకంటే అది పూర్తిగా ఆపగలిగిన నష్టం.

జేబుదొంగలుంటారు, పర్సు వెనక జేబులో పెట్టుకోకండి లాంటివి మీకు ఇంట్లోవాళ్ళే చెప్పి పంపుతారు. వాటి జోలికి నేను పోను. చెప్పాల్సిన అసలు సంగతి ఒక్కటే: ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండాలి.

ఒకే బ్యాగులోకి ఎలా చేరతాయి

ఇలా చేద్దామని ఎవరూ అనుకోరు, అలా జరిగిపోతుంది. ఇటలీలో హోటలైనా హాస్టలైనా బస చేసేవారి వివరాలు పోలీసులకు పంపాలి, చట్టం అది. అందుకే కౌంటర్ దగ్గర ప్రతి ఒక్కరి పాస్‌పోర్టూ అడుగుతారు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చినవాళ్ళు సోఫాల్లో కూలబడతారు. గుంపులో చురుకైన మనిషి ఒకరు "ఇలా ఇవ్వండ్రా" అని అన్నీ పోగుచేసి తీసుకెళ్తారు. పని అయ్యాక ఆ కట్ట తిరిగి ఆ ఒక్కరి చేతికే వస్తుంది. గది తాళాలు పంచుతారు గానీ పాస్‌పోర్టులు పంచరు. ఆ కట్ట ఆ మనిషి బ్యాగులోకి పోయి, ప్రయాణం అయ్యేదాకా అక్కడే ఉండిపోతుంది.

మనకిది చిన్నప్పటి అలవాటు. తిరుపతి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ఇంటిల్లిపాది టికెట్లూ పెదనాన్న జేబులోనే ఉండేవి. నాది నాకివ్వు అని అడగడానికి మొహమాటం. నమ్మకం లేదనుకుంటాడేమోనని భయం. ఆ మొహమాటాన్ని ఇండియాలోనే వదిలేసి రండి. నమ్మకానికీ దీనికీ సంబంధం లేదు. మీ స్నేహితుడు ఎంత జాగ్రత్తపరుడైనా అతనికి ఉన్నవి రెండు కళ్ళే. పైగా ఐదుగురి పాస్‌పోర్టులు మోసేవాడే దారి వెతకాలి, టికెట్ కొనాలి, హోటల్‌కి ఫోన్ చేయాలి. గుంపులో అందరికంటే తలమునకలుగా ఉండే మనిషి దగ్గరే మీరు అన్నిటికంటే విలువైనది పెడుతున్నారు.

అందుకే కౌంటర్ దగ్గరకు ఐదుగురూ వెళ్ళండి, ఎవరిది వాళ్ళు ఇవ్వండి, ఎవరిది వాళ్ళు తీసుకోండి. ఎయిర్‌పోర్టులోనూ అంతే, కారు అద్దెకు తీసుకునే చోటా అంతే. తీసుకున్న పాస్‌పోర్టు ఎవరిదో తెరిచి చూసుకోండి కూడా. పక్కవాడిది తెచ్చుకుని రెండు రోజుల తర్వాత గమనించినవాళ్ళున్నారు.

ఏ రోజు పోతాయి

ఊరు చూసే రోజుల్లో పాస్‌పోర్టు సాధారణంగా హాస్టల్ లాకర్‌లో ఉంటుంది. పోయేది ఊరు మారే రోజు. దిగిన రోజు, ఫ్లోరెన్స్‌కో వెనిస్‌కో వెళ్ళే రోజు, తిరుగు ప్రయాణం రోజు. ఆ రోజు లాకర్‌లోవన్నీ బయటికొస్తాయి. చేతుల నిండా సామాను, కళ్ళేమో ఫోన్ మ్యాప్ మీద. దొంగకు కావలసింది కూడా అదే.

తక్కువ ఖర్చు హాస్టళ్ళు చాలావరకు టెర్మినీ చుట్టుపక్కలే ఉంటాయి కాబట్టి మీరు ఆ స్టేషన్‌కి రాక తప్పదు. ఇక్కడి పద్ధతులు నాకు తెలిసినవి ఇవి. టికెట్ మెషిన్ దగ్గర సాయం చేస్తామంటూ వచ్చేవాళ్ళు ఉద్యోగులు కారు. మెట్రో 'ఎ' లైన్‌లో తలుపులు మూసుకునే క్షణంలో నలుగురు ఒక్కసారి తోసుకుని ఎక్కితే, వాళ్ళలో ఒకరి చెయ్యి మీ బ్యాగు జిప్ మీద ఉంటుంది. వాటికన్ వైపు వెళ్ళే 64 నంబర్ బస్సు యాత్రికులతో కిక్కిరిసి ఉంటుంది, దొంగలకు పేరుపడ్డ బస్సు అది. రైల్లో తలుపు పక్కనున్న సామాన్ల అరలో పెట్టిన బ్యాగును, రైలు కదలబోయే నిమిషంలో లాక్కుని దిగిపోతారు. పెద్ద పెట్టె అక్కడ పెట్టండి, పరవాలేదు. పాస్‌పోర్టున్న బ్యాగు మాత్రం ఒంటి మీద నుంచి దించకండి.

ఐదూ పోతే ఏమవుతుంది

ఒక్కరిది పోతే కష్టమే, కానీ దారి ఉంది. మిగతా నలుగురికీ గుర్తింపు ఉంది, గది దొరుకుతుంది, కార్డులు పనిచేస్తాయి. ఒకరు తోడుగా ఉండిపోవచ్చు. ఐదూ పోతే సాయం చేయడానికి గుంపులో మనిషే ఉండడు.

ముందు పోలీసు ఫిర్యాదు. స్టేషన్‌లో రైల్వే పోలీసులుంటారు, బయటైతే కరబినియేరి (ఇటలీలో ఒక పోలీసు దళం) స్టేషన్‌లోనో, క్వెస్తూరా అనే పోలీసు ప్రధాన కార్యాలయంలోనో ఇవ్వాలి. ఆ కాగితాన్ని దెనూంచా అంటారు. అది లేకుండా తర్వాత ఏ పనీ కాదు, ఇన్సూరెన్సు కూడా రాదు. ఆ తర్వాత వియా వెంతి సెత్తెంబ్రె అనే వీధిలో ఉన్న భారత రాయబార కార్యాలయం. టెర్మినీ నుంచి నడిచి వెళ్ళేంత దూరమే. మిలాన్‌లో అయితే మన కాన్సులేట్ ఉంది. మామూలు సేవలు వారాంతంలో ఉండవు. శుక్రవారం సాయంత్రం బ్యాగు పోయిందంటే సోమవారం దాకా ఎదురుచూపే.

అక్కడ సాధారణంగా ఇచ్చేది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. అది ఇండియాకు ఒక్కసారి తిరిగి వెళ్ళడానికి మాత్రమే. షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) పోయిన పాస్‌పోర్టులోనే ఉండిపోయింది కాబట్టి పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ ప్లాన్లు అక్కడితో ఆగిపోతాయి. తర్వాతి ఊళ్ళో హోటల్‌వాళ్ళు గుర్తింపు అడుగుతారు. వాపసు లేని చవక విమాన టికెట్లు చేతులారా వదులుకోవాలి. ఇంకొకటి: పోయిందని ఫిర్యాదు చేసి రద్దయిన పాస్‌పోర్టు మర్నాడు చెత్తబుట్టలో దొరికినా ఇక దానితో ప్రయాణం చేయలేరు.

ఆ ఐదుగురిలో ఒకమ్మాయికి వచ్చే నెల నిశ్చితార్థం. రాయబార కార్యాలయం బయట కూర్చుని వాళ్ళమ్మకు ఫోన్ చేయలేక ఏడ్చింది. పాస్‌పోర్టులు ఐదు బ్యాగుల్లో ఉండి ఉంటే ఆ రోజు పోయేది ఒక్కటే.

బయల్దేరే ముందు

ఒక్కొక్కరికీ మెడలో వేసుకుని చొక్కా లోపల దాచుకునే పలచటి పౌచ్ కొనండి. పాస్‌పోర్టు, ఒక కార్డు, కొన్ని యూరోలు అందులో. ఊరు మారే రోజు అది చొక్కా లోపలే ఉండాలి, బయట వేలాడకూడదు.

పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా పేజీ కలర్ కాపీలు తీసి ఒకరివి ఇంకొకరి పెట్టెలో పెట్టండి. మెయిల్‌లో కూడా ఉంచుకోండి. రెండు ఫోటోలు సూట్‌కేసులో వేసుకోండి. అసలుతో పాటు అదే పౌచ్‌లో కాపీ పెట్టుకుంటే రెండూ కలిసే పోతాయి.

డబ్బుకూ ఇదే లెక్క. ఖర్చులు పంచుకోవడం తేలికని ఒక్కరి ఫోరెక్స్ కార్డులోనే అందరి డబ్బూ వేస్తున్నారు. వద్దు. కనీసం ముగ్గురి దగ్గర పనిచేసే కార్డులుండాలి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంటాయి. ఇంటి దగ్గరే యాప్‌లో ఆన్ చేసి, పరిమితి పెట్టుకుని రండి. ఓటీపీ వచ్చే సిమ్‌కి రోమింగ్ కూడా చూసుకోండి. ఇక్కడికి వచ్చాక ఓటీపీ రాకపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

వీసాకి తీసుకునే ఇన్సూరెన్సు 30,000 యూరోల వైద్య ఖర్చులకు ఉండాలన్నది నిబంధన. పాస్‌పోర్టు పోతే అయ్యే ఖర్చు అందులో ఉందో లేదో విడిగా చూడండి. అన్నిట్లో ఉండదు.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో

కొలోసియం టికెట్ల మీద పేర్లు ఉంటాయి. 2023 అక్టోబరు నుంచి ఇదే పద్ధతి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి, ఇంటిపేరు ముందూ వెనకా కాకుండా. ఆ రోజు గుర్తింపు చూపాలి కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉంటుంది. ఎవరిది వాళ్ళే పట్టుకుని లైన్లో నిలబడండి.

అధికారిక సైట్‌లో టికెట్లు అయిపోయాయని గేటు బయట తిరిగే బ్రోకర్ల దగ్గర కొనకండి.

నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలకూ కొలోసియానికీ ప్రవేశం ఉచితం. డబ్బు మిగులుతుంది కానీ విపరీతమైన జనం. ఆ రోజు భుజానికి బ్యాగు వద్దు.

లాకర్‌కి మీ సొంత తాళం తెచ్చుకోండి. ఐదుగురికీ ఒకే లాకర్ వద్దు. అది కూడా ఒకే బ్యాగు లాంటిదే.

రైలు టికెట్లన్నీ ఒకే ఫోన్‌లో పెట్టుకోకండి. గ్రూప్‌లో అందరికీ పంపండి.

రీజినల్ రైలుకు కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరి మెషిన్‌లో ముద్ర వేయించాలి. ఫోన్‌లో టికెట్ అయితే చెక్‌ఇన్ నొక్కాలి. టికెట్ కొన్నాను కదా అంటే ఒప్పుకోరు, ఫైన్ వేస్తారు. రోమ్ సిటీ బస్సులోనూ అంతే. మామూలు టికెట్ 100 నిమిషాలు చెల్లుతుంది, మెట్రో మాత్రం అందులో ఒక్కసారే.

ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్టు నుంచి చవకగా వచ్చే ఎఫ్ఎల్1 రైలు టెర్మినీకి రాదు. త్రాస్తెవెరె, ఒస్తియెన్సె స్టేషన్ల మీదుగా తిబుర్తీనా స్టేషన్‌కు పోతుంది. రాత్రి పూట దిగేవాళ్ళు ఇది ముందే చూసుకోండి.

టాక్సీ అంటే తెల్ల కారు, పైన బోర్డు, లోపల మీటరు. ఎయిర్‌పోర్టు లోపలికి వచ్చి "టాక్సీ, టాక్సీ" అని పిలిచేవాడి వెంట పోకండి.

కొలోసియం దగ్గర మీ చేతికి దారం కట్టనివ్వకండి. ఫ్రీ అంటారు, కట్టాక డబ్బులడుగుతారు. చేతులు జేబుల్లో పెట్టుకుని నడవండి.

కేఫ్‌లో ఫోన్ బల్ల మీద పెట్టకండి. బ్యాగు కుర్చీ వీపుకు తగిలించకండి. పట్టీ కాలికి చుట్టుకోండి.

ట్రేవీ ఫౌంటెన్ దగ్గర గ్రూప్ ఫోటో కోసం బ్యాగులన్నీ ఒకచోట కుప్ప పోయకండి. ఫోటోలో బ్యాగులు పడితే పడనివ్వండి.

స్పానిష్ మెట్లు అనే పేరున్న పాత మెట్లవరుస మీద కూర్చోకండి. 2019 నుంచి నిషేధం, ఫైన్ 250 యూరోల నుంచి.

రోడ్డు మీద బ్రాండ్ పేరుతో అమ్మే నకిలీ బ్యాగులు కొనకండి. కొన్నవాళ్ళకీ జరిమానా ఉంది, 7,000 యూరోల దాకా వెళ్ళొచ్చు.

కార్డు గీకినప్పుడు రూపాయల్లోనా యూరోల్లోనా అని మెషిన్ అడిగితే యూరోలే నొక్కండి.

చేపల కూరకు మెనూలో రాసిన ధర 100 గ్రాములకేమో చూడండి. ప్లేటు ధర అనుకుని ఆర్డరిచ్చిన నలుగురు బిల్లు చూసి తెల్లబోయారు.

గది అద్దె కట్టేశాం కదా అనుకోకండి. సిటీ ట్యాక్స్ మనిషికింత, రాత్రికింత అని విడిగా అడుగుతారు. అది మోసం కాదు.

నీళ్ళ సీసాలు కొనకండి. వీధుల్లో ఆగకుండా పారే చిన్న కుళాయిలు ఊళ్ళో 2,000కు పైగా ఉన్నాయి, మంచినీళ్ళే. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఎండ 35 డిగ్రీలు దాటుతుంది. రోమన్ ఫోరమ్ శిథిలాల్లో నీడ తక్కువ. పొద్దున్నే వెళ్ళండి.

వాటికన్‌లో భుజాలు, మోకాళ్ళు కనబడే బట్టలు వేసుకుంటే లోపలికి రానివ్వరు.

రాత్రి మెట్రో మామూలుగా 11:30కి ఆగుతుంది. ఒంటరిగా ఎవర్నీ వెనక వదిలి రాకండి.

ఏ ప్రమాదమైనా 112.

రైలు ఎక్కేముందు, దిగేముందు ఒకరు గట్టిగా "పాస్‌పోర్ట్" అనాలి. ఐదుగురూ ఎవరి పౌచ్ వాళ్ళు తడిమి చూసుకోవాలి. "వాడి దగ్గరుంది" అని ఎవరైనా జవాబిస్తే అక్కడే ఆగి తీసుకోండి. రైలు పోతే ఇంకో రైలుంది.

తిరుగు ప్రయాణం ముందు సమ్మె ఉందేమో చూడండి. షోపెరో అంటారు, ముందే ప్రకటిస్తారు, ఎక్కువగా శుక్రవారాలు. సమ్మె రోజైనా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు కొన్ని రైళ్ళు తప్పక నడుస్తాయి. దాన్ని బట్టి ఎయిర్‌పోర్టుకు బయల్దేరండి. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతి వల్ల సరిహద్దు దగ్గర వేలిముద్రలు, ఫోటో తీస్తున్నారు, లైన్లు పెద్దవి. మామూలు కంటే గంట ముందే చేరండి. ఇమిగ్రేషన్ లైన్లో కూడా పాస్‌పోర్టులు పోగుచేసి ఒకరికి ఇవ్వకండి.