ఓరుగల్లు మట్టికోట నుంచి హేడ్రియన్ గోడకు: 135 కిలోమీటర్ల బాట నడిచే తీరు

ఉత్తర ఇంగ్లాండులో, హేడ్రియన్ చక్రవర్తి కట్టించిన ఒకప్పటి రోమన్ సామ్రాజ్యపు సరిహద్దు గోడ వెంబడి సాగే నడకబాటను 2003లో తెరిచారు. దాని పొడవు 135 కిలోమీటర్లు. మేడారం జాతరకు కాలినడకన వెళ్లివచ్చిన వారికి ఈ దూరం పెద్దగా అనిపించదు గాని, నడిమి భాగంలోని ఎక్కుదిగుళ్లు, ఎప్పుడూ తడిగా ఉండే గడ్డి మాత్రం ఇబ్బంది పెడతాయి. అందుకే ఎనిమిది రోజులు పెట్టుకొని, చదునుగా ఉండే రెండు కొసలను త్వరగా దాటి, మిగిలిన సమయాన్ని నడిమికి కేటాయించడం మంచిదని నా అభిప్రాయం.

సాధన మన దగ్గరే మొదలుపెట్టాలి. భద్రకాళి చెరువు కట్ట మీది నడక ఊపిరికి సరిపోతుంది, మోకాళ్లకు సరిపోదు. వారానికి మూడు రోజులు ఖిలా వరంగల్ మట్టికోట ఎక్కి దిగాలి. అది కూడా అక్కడ వేసుకోబోయే బూట్లతో, వీపున ఆరేడు కిలోల సంచితో. నేను కొత్త బూట్లను పెట్టెలో దాచి నేరుగా అక్కడే తొడుక్కున్నాను. మూడో రోజుకల్లా మడమ బొబ్బలెక్కి, మిగతా దారంతా కుంటుతూనే నడిచాను.

మే నుంచి అక్టోబరు మధ్య వెళ్లాలి. చలికాలంలో నానిన నేల మీద నడిస్తే కింద పూడి ఉన్న కట్టడాల ఆనవాళ్లు చెదురుతాయి కనుక ఆ నెలల్లో రావద్దని కోరతారు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. పర్యాటక వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. దారి తిండికి సకినాలు చాలు. నేతి మిఠాయిలు పెట్టుకోవద్దు, పాల పదార్థాలను అక్కడికి రానివ్వరు.

చాలామంది తూర్పున వాల్స్‌ఎండ్‌లో మొదలుపెడతారు. నేను పడమటి కొసనున్న బోనెస్‌లో మొదలుపెట్టమంటాను. గాలివాన ఎక్కువగా పడమర నుంచే వస్తుంది. అటు నుంచి నడిస్తే అది మొహానికి కాక వీపుకు తగులుతుంది. లండన్ నుంచి రైల్లో కార్లైల్ చేరి, అక్కడి నుంచి బస్సులో బోనెస్ వెళ్లవచ్చు. తిరిగి కార్లైల్ దాకా సుమారు 24 కిలోమీటర్ల మొదటి రోజు నడకలో, సముద్రపు పోటు వచ్చినప్పుడు చిత్తడి నేలల మధ్య బాట నీట మునుగుతుంది. పోటు వేళల పట్టిక చూడకుండా బయలుదేరరాదు.

బర్డోస్వాల్డ్ కోట దగ్గర నుంచి గోడ కంటినిండా కనిపిస్తుంది. దాటాక వాల్‌టౌన్, కాఫీల్డ్స్, 345 మీటర్ల ఎత్తున్న విన్‌షీల్డ్స్, ఆపై స్టీల్ రిగ్ కొండ కొమ్ములు వరసగా వస్తాయి; రాతిమెట్ల మీద దిగడం, వెంటనే మళ్లీ ఎక్కడం. ఇక్కడ రోజుకు 12 కిలోమీటర్లకు మించవద్దు. గోడ పక్కన వంగి చూస్తే దాని కట్టుబడి తెలుస్తుంది: రెండు వైపులా చెక్కిన చిన్న రాళ్లు, నడుమ కూరిన రాళ్ల ముక్కలు. మన రాతికోటలోని భారీ నల్లరాతి దిమ్మెలకు అలవాటుపడిన కంటికి మొదట ఇవి ఇటుకల్లా తోస్తాయి. మన కోట చుట్టూ ఉన్నట్టే దీనికీ ఉత్తరాన కందకం ఉంది గాని, కొండ కొమ్ము నిటారుగా ఉన్న చోట దాన్ని తవ్వలేదు. ఆ పని కొండే చేసింది. గోడ ఎక్కి నడవరాదు. పచ్చిక మీద కూడా ఒకరి వెనుక ఒకరు కాక పక్కపక్కన నడిస్తే నేల గాడి పడదు.

వన్స్ బ్రూడ్‌లో రెండు రాత్రులు ఆగి, దక్షిణంగా ఉన్న విండోలాండా అనే రోమన్ కోటకు సగం రోజు ఇవ్వండి. పుట్టినరోజుకు రమ్మని ఒక స్త్రీ తన స్నేహితురాలికి సుమారు 1,900 ఏళ్ల కిందట పలుచటి చెక్కపై పంపిన పిలుపు ఆ మట్టిలోనే దొరికింది. ఈ నడిమి ఊళ్లలో గదులు తక్కువ, ముందే తీసుకోవాలి. కాళ్లు మొరాయిస్తే, వేసవిలో గోడ వెంట తిరిగే ఏడీ 122 బస్సు ఉంది. గోడ కట్టడం మొదలైన సంవత్సరమే దాని నంబరు.

హౌస్‌స్టెడ్స్, చెస్టర్స్ కోటల తరువాత పొలాలు, ఆపై టైన్ నది ఒడ్డున న్యూకాజిల్ నగరం. అక్కడ గోడ దాదాపు కనబడదు, వేగంగా నడిచేయవచ్చు. వాల్స్‌ఎండ్‌లోని సెగెడూనమ్ కోటలో, దారి పొడవునా ముద్రలు వేయించుకునే నడక పాస్‌పోర్టుపై చివరి ముద్ర వేయించుకొని మెట్రో ఎక్కేటప్పుడు, ఆ స్టేషన్ బోర్డులు లాటిన్‌లో కూడా ఉంటాయి గనుక, న్యూకాజిల్ వైపు ప్లాట్‌ఫారం ఏదో సరిచూసుకొని నిలబడండి.